కాశమ్మ బండి మైకు

కాశమ్మ కేక వేసిందంటే రెండో అంతస్తులోని ఆడవాళ్ళు స్టవ్వు సిమ్‌లో పెట్టి, తాడు కట్టిన బుట్టను బాల్కనీలోంచి కిందికి దించేవారు. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే బుట్టలు దిగేవి. పద్మనాభం దగ్గరి పల్లెలో తెల్లారకుండానే కోసిన తోటకూర, గోంగూర, చుక్కకూర మూటలు కట్టుకుని, ఆటోలో ఆనందపురం దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి అరిలోవలో దిగేది. ఒక వాచ్‌మన్ దగ్గర ఉంచుకున్న తోపుడు బండి తీసుకుని కాలనీలన్నీ తిరిగేది. ఆమె కూరల కన్నా ముందు ఆమె కేకే ఆ వీధుల్లో అమ్ముడుపోయేదని అక్కడివాళ్ళు నవ్వుతూ అనేవారు.

ఆ గొంతు ఈ ఏడు బొంగురుపోయింది. మొదట జలుబు అనుకున్నారు. మిరియాల పాలు, తులసి కషాయం, పక్కింటివాళ్ళు చెప్పిన ఉప్పునీళ్ళు, అన్నీ అయ్యాయి. చివరికి పెద్దాసుపత్రికి వెళ్తే గొంతులో చిన్న బుడిపె ఉందని చెప్పి తీసేశారు. పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. మెల్లగా మాట్లాడుకోవచ్చు, కానీ మూడు నెలలు కేక వేయకూడదు. వేస్తే బుడిపె మళ్ళీ వస్తుంది, ఈసారి గొంతు తిరిగి వస్తుందని తాను హామీ ఇవ్వలేనని. పక్కన నిలబడి ఆ మాట విన్నది కూతురు పుష్ప. కాశమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఆసుపత్రి గేటు దాటాక కూతురి చెవి దగ్గరికి వంగింది.

"కేకెయ్యకపోతే కూరలెవులు కొంతారే?"

పుష్ప మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

గొంతు బదులు గంట కొట్టి చూసింది కాశమ్మ. పీచుమిఠాయి వచ్చిందనుకుని పిల్లలు పరిగెత్తుకొచ్చి, తోటకూర చూసి ముఖాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. గంట మానేసి ఊరికే తిరిగితే సగం కూర వాడిపోయి ఇంటికి తిరిగొచ్చేది. దాన్ని ఆవు తినేది. ఆవు ఒక్కటే ఆ రోజుల్లో సుఖపడింది.

అప్పుడు పుష్పకు గుర్తొచ్చింది వెంకటేష్ మావయ్య మైకు. కాశమ్మ తమ్ముడు వెంకటేష్ ఒకప్పుడు ప్లాస్టిక్ సామాన్లు అమ్మేవాడు. ఇప్పుడు అచ్యుతాపురంలో కంపెనీ పనికి వెళ్తున్నాడు. అతని మైకు అటక మీద పడి ఉంది. కొబ్బరికాయంత డబ్బా, దానికి ఉమ్మెత్తపువ్వులాంటి బాకా. ఒక మీట నొక్కి మాట చెబితే దాచుకుంటుంది, ఇంకో మీట నొక్కితే అదే మాట తిరిగి తిరిగి వినిపిస్తుంది. లోపలి బ్యాటరీ మాత్రం ఉబ్బి, పగిలి, తెల్లటి పొడి రాలుస్తోంది.

"నాను బాగుసేత్తానమా," అంది పుష్ప. ఆ మాటకి కాశమ్మ ఆశ్చర్యపోయింది. తనంతట తానుగా ఏదైనా చేస్తానని ఆ పిల్ల అనడం అరుదు.

పుష్ప ఊరి బడిలో చదివి, ఇప్పుడు పట్నంలో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు చదువుతోంది. ఊళ్ళో వీధి చివరిదాకా వినిపించే కాశమ్మ కడుపున ఈ పిల్ల ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు. హాజరు పిలిచేటప్పుడు ఆమె పలికేది ముందు బెంచీ దాకానే వెళ్ళేది. రెండుమూడు సార్లు ఉన్న పిల్లకే గైర్హాజరు పడింది. అప్పటినుంచి పక్కన కూర్చునే ఫర్హా ఆ బాధ్యత తీసుకుంది. పుష్ప పేరు పిలవగానే ఫర్హాయే గట్టిగా "ఉందండీ" అనేది.

మైకు సంగతి తెలియగానే ఫర్హా పుష్పను వన్‌టౌన్‌లోని తమ దుకాణానికి లాక్కెళ్ళింది. ఫర్హా తండ్రి లతీఫ్ మైకులు, యాంప్లిఫైయర్లు బాగుచేస్తాడు. మసీదు మైకు, అమ్మవారి పండగ మైకు, ఎన్నికల ఆటో మైకు, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. పుష్ప ఆయన్ని మొదటి రోజే బాబాయ్ అంది, తర్వాత ఇంకేమీ అనలేదు. లతీఫ్ మైకు మూత విప్పి చూసి, ఆ కొలత బ్యాటరీ ఇప్పుడు రావడం లేదనీ, పెద్దది పెడితే మూత పడదనీ చెప్పాడు. మైకు లోపలి బోర్డు మీద పన్నెండు వోల్టులని రాసి ఉంది. మామూలు టార్చి సెల్లులు నాలుగు వేస్తే ఆరే వస్తుంది. ఆరును పన్నెండు చేసే బోర్డు ఒకటి తన దగ్గర ఉందంటూ సొరుగులోంచి అగ్గిపెట్టెలో సగం కూడా లేని నీలం ముక్క తీసి ఇచ్చాడు. దాని మీద ఒక రాగితీగ చుట్ట, ఒక నల్ల చిప్పు, వోల్టేజీ పెంచి తగ్గించే ఒక ఇత్తడి మర ఉన్నాయి.

అది ఎలా పనిచేస్తుందో పుష్ప క్లాసులో విన్నదే. చిప్పు కరెంటును తీగచుట్టలోకి పంపి, టక్కున ఆపేస్తుంది. పారే కరెంటును ఒక్కసారిగా ఆపితే చుట్ట ఒప్పుకోదు, ఎదురుతన్ని పై వోల్టేజీతో అవతలికి నెడుతుంది. సెకనుకు లక్షల సార్లు ఇలా చేస్తే ఆరు పన్నెండవుతుంది. పుష్ప దీన్ని తనకు తెలిసిన నూతి భాషలోకి మార్చుకుంది. అడుగున ఉన్న నీళ్ళను పైకి తోడితే నీళ్ళకు ఎత్తు వస్తుంది. నీళ్ళు పెరగవు, ఈ బోర్డులోనైతే ఎత్తు రెట్టింపయితే సగానికి తగ్గుతాయి. పైన ఒక బిందె కావాలంటే కింద రెండు బిందెలైనా ఉండాలి. అంతవరకు ఆమెకు సరిగ్గానే అర్థమైంది.

తప్పు సెల్లుల దగ్గర జరిగింది.

వాళ్ళ ఊళ్ళో అయిపోయిన సెల్లుల్ని ఎవరూ పారేయరు. ఎండలో పెడతారు. పుష్ప నాయనమ్మ దేముడమ్మ ఆ పనిలో గట్టిది. పొలానికి తీసుకెళ్ళే టార్చిలో సెల్లులు మసకబారగానే తీసి, వడియాలు ఆరబెట్టిన గుడ్డ మీద ఒక మూల వరసగా పెడుతుంది. సాయంత్రానికి వడియాలతో పాటు సెల్లులూ లోపలికొస్తాయి. అవీ కొత్తవీ ఒకే డబ్బాలో పడతాయి. ఎండ తిన్న సెల్లు గోడ గడియారాన్ని ఇంకో నెల తిప్పుతుంది, రిమోట్‌ను రెండు వారాలు నడుపుతుంది. అందుకే ఆ ఊళ్ళో అందరికీ అదొక నమ్మకం. పుష్పా ఆ నమ్మకంలోనే పెరిగింది.

డబ్బాలోంచి తుప్పు లేని నాలుగు పెద్ద సెల్లులు ఏరుకుని ఆమె దుకాణానికి వెళ్ళింది. మీటరు పెట్టి చూస్తే ఒక్కోటి ఒకటిన్నరకు కాస్త తక్కువ చూపించింది. బాగున్నట్టే. లతీఫ్ ఆ సమయంలో పందిరి మైకు కోసం వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ, అటు తిరిగే అడిగాడు.

"బరువెట్టి సూసినావా బేటీ?"

బరువు పెట్టడమంటే ఏమిటో పుష్పకు తెలియదు. అందరి ముందూ అడగడానికి నోరు రాలేదు. తలూపింది. ఆయన సరేనని తన పనిలో పడ్డాడు.

నీలం బోర్డుకు సెల్లులు కలిపి మర తిప్పడం మొదలుపెట్టింది. తిప్పినకొద్దీ మీటరు ఆరు దగ్గరే నిలబడింది. ఫర్హా చూసి చూసి, ముక్క పోయిందే, పారేయ్ అంది. పుష్ప తిప్పుతూనే ఉంది. ఆ మర అలాగే ఉంటుంది, చాలా చుట్లు ఉత్తినే తిరిగి, ఒకచోట ఉన్నట్టుండి పట్టుకుంటుంది. పట్టుకుంది. ఏడు, తొమ్మిది, పదకొండు. పన్నెండు దగ్గర ఆపి, మర కదలకుండా మీద చిన్న మైనం చుక్క వేసింది.

ఇక గొంతు కావాలి. కాశమ్మ చెప్పకూడదు. దేముడమ్మను అడిగితే, నా గొంతు పట్నంలో ఊరేగించడానికా అని కసిరింది. తను చెబుతానని ఫర్హా ఎగిరింది గానీ, ఆమె ఫోన్‌లో పంపిన తోటకూర విని కాశమ్మ పడీపడీ నవ్వి, గొంతు పట్టుకుని ఆపుకుంది. ఆ పిల్ల తోటకూరను చీరలమ్మినట్టు అమ్ముతోందట. చివరికి పుష్పే ధాన్యం బస్తాల గదిలోకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని, మైకు దగ్గరగా నోరు పెట్టి నాలుగు కూరల పేర్లు చెప్పి వచ్చింది. నిద్రపోతున్న నాయనమ్మ లేవకుండా సౌండు సగానికి తగ్గించి ఒక్కసారి విన్నది. చిన్న గదిలో పెద్దగానే వినిపించింది.

ఆదివారం కాలేజీ లేదు కాబట్టి తల్లితో పాటు బండి వెంట వెళ్ళింది. మొదటి వీధి మలుపులో సౌండు పూర్తిగా పెంచి మీట నొక్కింది.

"తో," అంది మైకు. ఆగింది. మళ్ళీ "తో" అంది. ఆగింది. "తో." "తో." "తో."

మైకు పూర్తి సౌండుకు బలం అడగగానే సెల్లులు కూలిపోతున్నాయి. కూలగానే అంతా ఆరిపోతోంది. ఆరగానే సెల్లులు కాస్త తేరుకుంటున్నాయి. మైకు మళ్ళీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంటోంది. ఇదంతా పుష్పకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం మీట ఎటు నొక్కుతోందో కూడా ఆమెకు తెలియలేదు. సైకిళ్ళ మీద పిల్లలు ఆగి తో తో అంటూ వెంటపడ్డారు. పై బాల్కనీలోంచి ఒకావిడ తొంగిచూసింది.

"ఏటి కాశమ్మా, మైకుకి నత్తొచ్చీసిందేటి?"

నవ్వులు వినిపించాయి. బుట్టలు మాత్రం దిగలేదు. ముందువారం మిగిలిపోయిన కూరంతా కాశమ్మ కళ్ళ ముందు మెదిలి ఉండాలి. ఆమె కూతురి చేతిలోంచి మైకు తీసుకుని బండి కింది అరలో పెట్టింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేక వేసింది. పుష్ప వద్దనేలోపే ఇంకో వీధిలో ఇంకోటి, ఆపై వీధిలో ఇంకోటి. కూర మొత్తం అమ్ముడుపోయింది. సాయంత్రం ఇంట్లో కాశమ్మ ఏదో అడగబోతే, గరుకు రాతి మీద కొడవలి రాసినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆమె నోరు మూసి, వేడినీళ్ళ గ్లాసు ఎత్తుకుంది.

ఆ రాత్రి పుష్ప అన్నం తినలేదు. లతీఫ్ ముందు తెలియకుండానే తను తలూపడం వల్లే తల్లి కేక వేయాల్సి వచ్చిందని ఆమెకు తెలుసు.

మర్నాడు కాలేజీ అవగానే దుకాణానికి వెళ్ళింది. లతీఫ్ ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నారు. వాళ్ళు లేచేదాకా ఆగితే ఈ మాట మళ్ళీ గొంతులోనే ఉండిపోతుందని భయపడి వెంటనే అడిగింది.

"బాబాయ్, బరువెట్టడమంటే ఏటి?"

లతీఫ్ ఆమె వైపు, ఆమె చేతిలోని సెల్లుల వైపు చూశాడు. ఒక సెల్లు తీసుకుని మీటరు పెట్టాడు. ఒకటీ పాయింట్ నాలుగు. దాన్ని అలాగే ఉంచి, సెల్లుకు టార్చి బల్బు ఒకటి ఆనించాడు. బల్బు ఎర్రగా ఒక్కసారి మెరిసింది. మీటరులో అంకె జారి జారి అర దగ్గరికి వచ్చేసింది. బల్బు తీయగానే మళ్ళీ మెల్లగా పైకెక్కింది.

"ఖాళీ కావిడి ఎవుడైనా మోత్తాడమ్మా," అన్నాడు. "కుండలెట్టినాక సూడాల, నడుం ఉందో లేదో."

గడియారం గుక్కెడు తాగుతుంది కాబట్టి ఎండలో పెట్టిన సెల్లు సరిపోతుందనీ, మైకు అలా కాదనీ చెప్పాడు. పైగా నీలం బోర్డు వోల్టేజీ రెట్టింపు చేయాలంటే సెల్లు నుంచి రెట్టింపుకన్నా ఎక్కువే లాగుతుంది. సెల్లు బలహీనపడితే బోర్డు మొహమాటపడి తగ్గదు, ఇంకా గట్టిగా లాగుతుంది. ముసలి ఎద్దుకు రెండు బళ్ళు కట్టినట్టే. పక్కన ఫర్హా ఊరుకోలేదు.

"మరి ఆ రోజు తలెందుకూపినావే? అడిగితే మా అబ్బూ కరిసేత్తాడేటి?"

లతీఫ్ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకటి విప్పి, లోపలి సెల్లుల్ని పుష్పకే ఇచ్చి బరువు పెట్టి ఏరుకోమన్నాడు. కొన్ని బల్బు పెట్టగానే కూలాయి. మూడు నిలబడ్డాయి. ఆ మూడింటినీ పక్కపక్కన కలిపి, ఈసారి లావు వైరు వేసి, నీలం బోర్డు మర సరిచేసి, అవతలి వైపు స్కూటరు బల్బు పెట్టి పన్నెండు నిలుస్తోందని చూసుకున్నాకే మూత బిగించింది.

కాశమ్మ మాత్రం నమ్మలేదు. ఆ వారమంతా నోరు మెదపకుండా బండి తోసి, సగం కూర ఆవుకు పెట్టింది. ఆదివారం బస్సులో కూతురికి మెల్లగా చెప్పేసింది. "ఇయ్యాల కూడా నత్తి పడితే నాను కేకేసుకుంతాను. గొంతు పోతే పోనీ. కూరలు పోతే ఎలాగ?"

మైకుకు ఈసారి నత్తి రాలేదు. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలికూర, నాలుగు పేర్లూ మొదటి నుంచి చివరి దాకా, మళ్ళీ మొదటి నుంచి వచ్చాయి. ఒక వీధి దాటారు. నీళ్ళు పట్టుకుంటున్న ఒకావిడ గోంగూర కట్ట తీసుకుంది. పై అంతస్తుల నుంచి మాత్రం ఒక్క బుట్టా దిగలేదు. పుష్ప తలెత్తి చూసింది. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నావిడ కిందికైనా చూడలేదు. ఆమె దాకా మాట వెళ్ళనే లేదు.

సౌండు చివరిదాకా తిప్పే ఉంది. పుష్ప బండి ఆపించి, మూత తీసి, సంచిలోని మీటరు ఆనించి, స్క్రూడ్రైవరుతో ఇత్తడి మరను పన్నెండు దాటించింది. పదమూడు. పద్నాలుగు. గొంతు పెరగలేదు. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. అప్పుడామెకు తెలిసింది. ఇంటి కప్పు ఎంత ఎత్తు లేపినా లోపల కూర్చున్న మనిషి పొడుగవడు. వోల్టేజీ కప్పు లాంటిది. గట్టిగా చెప్పిన మాట తెగిపోకుండా చోటివ్వగలదు, అంతే. తను గడియ వేసుకుని గొణిగిన మాటను అది కేక చేయలేదు. మరను మళ్ళీ పన్నెండుకు తిప్పింది.

ఇంతలో పక్కన గొంతు సవరించుకున్న చప్పుడైంది. కాశమ్మ చేతులు నోటి దగ్గరికి వెళ్తున్నాయి.

"అమా, ఆగు," అంది పుష్ప. చెయ్యి పట్టుకుంది.

కుళాయి దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు, ఇస్త్రీ బండి దగ్గర ఒకతను, గేటు మీద చేతులు వేసుకుని పేపరు చదువుతున్న పెద్దాయన, అందరూ ఇటే చూస్తున్నారు. పుష్ప మాట దాచుకునే మీట నొక్కి, మైకు ఎదురుగా ఎత్తి పట్టుకుంది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మైకు ఆ ఏమీ లేనిదాన్నే శ్రద్ధగా దాచుకుంది. మీట వదిలి, మళ్ళీ నొక్కింది. ఈసారి జనం వైపు కాకుండా, బట్టలు ఆరేస్తున్న రెండో అంతస్తు ఆవిడ వైపు చూసింది. ఆమెకు వినిపించాలి. అంతే పని.

చిన్నప్పటి నుంచీ వింటున్న తల్లి వరసలోనే వచ్చింది కేక. తోటకూర దగ్గర సాగదీసి, గోంగూర దగ్గర ఎత్తి, చుక్కకూర దగ్గర విరిచి. గోంగూర అంటుండగా వెనక నుంచి బండి దారికి అడ్డొచ్చిందని మోటారు సైకిలువాడొకడు పీప్ పీప్ మని హారన్ కొట్టాడు. పుష్ప ఆగలేదు. ఆగితే మళ్ళీ ఎత్తుకోగలనన్న నమ్మకం ఆమెకు లేదు. బచ్చలికూర దాకా వెళ్ళి మీట వదిలేసింది. కుళాయి దగ్గర ఎవరో ఏదో అన్నారు, అదేమిటో ఆమెకు వినిపించలేదు.

వినిపించే మీట నొక్కింది కాశమ్మ.

బాకాలోంచి కేక వీధి చివరిదాకా వెళ్ళి గోడకు తగిలింది. నడుమ హారన్ కూడా అంతే గట్టిగా మోగింది. రెండో అంతస్తు ఆవిడ చేతిలో తడి చీర పట్టుకునే కిందికి వంగింది.

"ఎవలిదే కాశమ్మా ఆ గొంతు?"

"మా గుంటదండీ," అంది కాశమ్మ కూతురి భుజం తట్టి, డాక్టరమ్మ చెప్పినంత మెల్లగా. పైనున్నావిడకు అది వినిపించలేదు. వినిపించకపోయినా బుట్ట దింపింది.

మూడు ఇళ్ళ అవతల ఇంకో బుట్ట దిగింది. హారన్ లేకుండా ఇంకోసారి చెబుతానని పుష్ప అంటే కాశమ్మ ఒప్పుకోలేదు. బేరం నడుస్తున్నప్పుడు తక్కెడ కడగకూడదని సైగలతోనే తేల్చేసి, బండి కదిలించింది. తర్వాతి వీధిలోనూ, ఆపై వీధిలోనూ గోంగూర మాట వెంట హారన్ మోగగానే నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకుని పక్కకు జరిగారు. ఒక స్కూటరాయన అయితే తన స్కూటరు పక్కకు తీసి ఆపి, వెనక ఎవరూ రాకపోయేసరికి, దిగి, గోంగూర రెండు కట్టలు కొనుక్కుని వెళ్ళాడు.